సాసరు మీద చప్పుడు

ఆ రోజు పొద్దున్న మా బావగారి కప్పు చప్పుడు చెయ్యలేదు.

నేను వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. వరండాలో ఆయనకి కాఫీ ఇచ్చి వచ్చి ఐదు నిమిషాలైంది. ఆపాటికి కప్పూ సాసరూ ఒకదానికొకటి తగిలి గలగలమంటూ ఉండాలి. ఆ చప్పుడు ఆగిందంటే కాఫీ అయిపోయిందని, నేను వెళ్ళి కప్పు తెచ్చుకోవాలని అర్థం. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆరేళ్ళుగా నాకు పొద్దున్నపూట గడియారం అదే. ఆ రోజు చప్పుడు అసలు మొదలే కాలేదు. కాఫీ మర్చిపోయారేమోనని తొంగిచూశాను. తాగుతున్నారు. ఒక చేత్తో సాసరు, ఒక చేత్తో కప్పు పట్టుకుని, చూరు నుంచి కారుతున్న వాన చూస్తూ అందరిలాగే తాగుతున్నారు. ఒక్క చుక్క ఒలకలేదు.

తరుగుతున్న కత్తి పక్కన పెట్టేశాను.

ఆయన మా వారి అన్నయ్య. ఇరవై రెండో ఏట ఆయనకి స్కిజోఫ్రీనియా వచ్చింది. లేని మనుషుల మాటలు వినబడటం, లేని భయాలు పట్టుకోవడం ఆ జబ్బు లక్షణం. రాజమండ్రి డాక్టరుగారు ఇచ్చే బిళ్ళలు వేసుకుంటే ఆ మాటలు అణిగి ఉండేవి. ఆ బిళ్ళలే చేతుల్ని వణికించేవి. ఒలికిన కాఫీ సాసర్లో పడుతుందని మా అత్తగారు ఆయన ఒక్కరికే గాజు గ్లాసు మాన్పించి కప్పూ సాసరూ పెట్టారు. అంటే ఆ వణుకు జబ్బుది కాదు, మందుది. వణుకు ఆగిందంటే మందు ఆగిందన్నమాట.

"చూశావా అమ్మాయ్, చక్కగా ఎలా తాగుతున్నాడో! వెంకన్నబాబు చల్లగా చూశాడు" అంటూ మా అత్తగారు కళ్ళు ఒత్తుకున్నారు. ఆవిడ సంతోషం చూసి తిరిగి ఉల్లిపాయల దగ్గరికి వెళ్ళాను.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ సాయంత్రం మా చిన్నది బొమ్మల బుట్టలోంచి కప్పూ సాసరూ తీసి, కావాలని చెయ్యి వణికిస్తూ గలగలలాడించి, "ఇది పెదనాన్న కాఫీ" అంది. ఆయన పోయి ఏడాదయింది. గుండెపోటు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవారు పడుకున్నట్టే వెళ్ళిపోయారు. పిల్లలిద్దరూ నిద్రపోయారు, నాకు నిద్ర రాక ఈ కాగితాలు పట్టుకున్నాను. ఆయన పేరు రాయను. ఆస్పత్రిలో నలుగురి మధ్య పేరు పెట్టి పిలిస్తే ఆయన లేచేవారు కాదు. కాంపౌండరు దగ్గరికి వచ్చి భుజం తట్టాలి. ఆ మర్యాద నేనూ పాటిస్తాను.

నడిచేటప్పుడు ఆయన చేతులు ఊపేవారు కాదు. రెండు చేతుల్లో నిండు బిందెలున్నట్టు, ఎక్కడ తొణుకుతాయో అన్నట్టు చిన్న చిన్న అడుగులు వేసేవారు. నోటి చివర తడి తుడుచుకోవడానికి భుజం మీద ఎప్పుడూ తువ్వాలు. ఎండలోకి వెళ్తే నల్లగొడుగు. మొదట్లో వాడిన ఒక బిళ్ళ వల్ల ఎండ తగిలితే చర్మం కమిలిపోయేదట. ఆ బిళ్ళ మార్చి ఏళ్ళు గడిచినా గొడుగు మాత్రం వదల్లేదు. కడియం దగ్గర మాది రెండెకరాల నర్సరీ. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు "అదిగో, గొడుగు దొరగారొస్తున్నారు" అని నవ్వేవారు.

"నవ్వండే, నవ్వండి. మొక్కకి పందిరేస్తే తెలివి, మనిషేసుకుంటే ఎర్రితనమా?" అనేవారు ఆయన.

రాత్రి భోజనం కాగానే గాజు సీసాలోంచి బిళ్ళలు తీసి వేసుకుని, వంటింట్లోకి వినబడేలా "మందు కొట్టేశానమ్మోయ్!" అని కేకేసేవారు. మా వైపు మందు కొట్టడమంటే మొక్కలకి పురుగుమందు చల్లడం. కొత్తగా వచ్చిన చుట్టాలు తాగుడు సంగతేమో అనుకుని మొహమొహాలు చూసుకునేవారు. ఆయనకి అదే సరదా.

ఒకసారి అడిగాను, రోజూ ఇన్ని బాధలు పెట్టే మందు వేసుకోవడానికి విసుగు రాదా అని.

"పురుగు చావాలంటే ఆకు కొంచెం మాడుద్దమ్మా. ఆకు మాడుతుందని మందు మానేశామనుకో, అప్పుడు ఆకూ ఉండదు, పురుగే ఉంటాది."

ఆ పురుగు ఎలాంటిదో కూడా ఆయనే చెప్పారు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు వినబడుతుందట. ఆయనతో కాదు, ఆయన గురించి. వీడు చూడు ఎలా నడుస్తున్నాడో, వీడు చూడు ఏం తింటున్నాడో అని. "బిళ్ళేసుకుంటే వాళ్ళు చచ్చిపోరమ్మా. పక్కింట్లోకి మారిపోతారు. గోడ అవతల గొణుగుతుంటారు, ఏమంటున్నారో తెలీదు. పక్కింటివాళ్ళ గొడవ మనకెందుకని నా పని నేను చేసుకుంటాను."

జబ్బు తెలిసిన కొత్తలో ఒక సూది వేశారట. ఆ సాయంత్రానికి మెడ ఒక పక్కకి తిరిగిపోయి, కళ్ళు పైకి వెళ్ళిపోయి, నాలుక మడతపడింది. అది సూదిమందు చేసిన పనని ఇంట్లో ఎవరికీ తెలీదు. దెయ్యం ఇంకా గట్టిగా పట్టిందనుకుని భూతవైద్యుణ్ణి పిలిపించి కోడిని కోయించారు. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్తే ఇంకో సూది వేశారు, అరగంటలో మెడ దానంతటదే సర్దుకుంది. ఈ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకేలా ముగించేవారు: "అంతా చేసి, ఆ కోడికూర నాకు పెట్టలేదమ్మా. మెడ తిరిగినోడు ఏం తింటాడని వీళ్ళే తినేశారు." మా అత్తగారు ప్రతిసారీ "ఊరుకోరా" అని విసుక్కునేవారు, ప్రతిసారీ నవ్వేవారు.

ఆయన నవ్వకుండా చెప్పే సంగతి ఒక్కటే ఉండేది. అది ఆయన చేతులు.

జబ్బు రాకముందు ఆ చుట్టుపక్కల మామిడి అంటు కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరట. టెంక నుంచి మొలిచిన నాటు మొక్క తల కోసి, దాని మీద మంచి రకం కొమ్మ కట్టి, రెండూ ఒకటై చిగురించేలా చెయ్యడమే అంటు కట్టడం. కోత ఒక్క వేటుకి నున్నగా రావాలి. కత్తి జంకితే సందు వస్తుంది, సందు వస్తే కొమ్మ ఎండిపోతుంది. బిళ్ళలు మొదలయ్యాక ఆ చేతులు కత్తికి పనికిరాలేదు. వణుకు తగ్గడానికి డాక్టరుగారు ఇంకో బిళ్ళ ఇస్తే వణుకు తగ్గింది కానీ, దగ్గరగా చూస్తే అన్నీ మసకలే. "ఒక బిళ్ళ చేతులు తీసుకుంది. దానికి విరుగుడు బిళ్ళ కళ్ళు తీసుకుంది. మూడోది ఏం పట్టుకుపోద్దోనని నేనే వద్దన్నాను" అనేవారు. అప్పటి నుంచి సంచుల్లో మట్టి నింపడం, నీళ్ళు పెట్టడం ఆయన పని. అంట్లు కట్టేవాళ్ళ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూస్తూ ఉండేవారు. ఎవరైనా కోత పాడుచేస్తే ఆయన నోట "ప్చ్" అని ఒక చిన్న చప్పుడు వచ్చేది. అంతే, ఇంకేమీ అనేవారు కాదు.

ఆ ఏడు వర్షాలు పడగానే జంగారెడ్డిగూడెం వైపు ఒక పెద్ద తోటకి మూడు వేల మామిడి అంట్లు ఒప్పుకున్నారు మా వారు. కట్టే మనుషులిద్దరూ మధ్యలో వేరే నర్సరీకి వెళ్ళిపోయారు. మా వారు తల పట్టుకున్నారు. అలాంటి సమయంలో బావగారు కత్తి తీసుకుని షెడ్డులో కూర్చున్నారు. కప్పు చప్పుడు ఆగిన రోజుకి ఆయన పని మొదలుపెట్టి వారం; ఆ వారంలో వణుకు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. చెయ్యి బాగుపడిందని ఇల్లంతా పండగలా ఉంది.

నేను మా వారితో అన్నాను: "బావగారు బిళ్ళలు మానేశారండి."

"రోజూ రాత్రి మందు కొట్టేశానని అరుస్తున్నాడుగా."

"అరుస్తున్నారు. వేసుకుంటున్నారా?"

మా వారు నా వైపు చూడలేదు. "ఆర్డరు అయ్యేదాకా ఏమీ అనకు" అన్నారు. అప్పుడు అర్థమైంది, ఈయనకీ తెలుసని.

మా అమ్మ ఉత్తరాల్లో ఎప్పుడూ ఒకే మాట రాసేది, పిల్లల్ని ఆయన దగ్గర ఎక్కువ ఉంచకు, ఎంతైనా రక్తం అని. చదివి చింపేసేదాన్ని. చింపినా ఆ మాట పోయేది కాదు. మా వాడు పెన్సిలు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందా అని చూసేదాన్ని. ఒంటరిగా ఆడుకుంటూ తనలో తను మాట్లాడుకుంటే తలుపు వెనక నిలబడి వినేదాన్ని. అప్పటికి వాడికి ఐదేళ్ళు, చిన్నదానికి మూడు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వాడు మట్టి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. బుగ్గలో ఏదో ఉంది.

"అమ్మా, పెదనాన్న బిళ్ళలు నాటాడు. ఎప్పుడు మొలుస్తాయి?"

వాడి నోట్లో వేలు పెట్టి ఉమ్మించాను. మట్టి అంటి, తడికి సగం కరిగిన తెల్లబిళ్ళ. ఏమీ మింగలేదని వాడి చేత చెప్పించుకుని నాలుగుసార్లు పుక్కిలింపజేశాను. తర్వాత వాడు చూపించిన చోటికి వెళ్ళాను. వరండా చివర మల్లె కుండీలో పైమట్టి కదిలించి ఉంది. తడికి కరిగినవి కరిగిపోగా రెండు మూడు ఇంకా కనబడుతున్నాయి. పిల్లల్ని అత్తగారి దగ్గర కూర్చోబెట్టి షెడ్డుకి వెళ్ళాను.

సన్నగా వాన పడుతోంది. ఆయన ఒక్కరే ఉన్నారు. నేను వచ్చానని తెలిసి కూడా చేతిలో ఉన్న మొక్క పూర్తి చేశారు. టెంక మొక్క తల ఒక్క కోతతో తీసేసి, మొదలు నిలువునా చీల్చి, కొమ్మ చివర రెండు వైపులా పలచగా చెక్కి, ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ రిబ్బనుతో చుట్టేశారు. నేను రెండుసార్లు ఊపిరి తీసుకునేలోగా అయిపోయింది. నేను ఆపమనడానికి వచ్చింది ఇంత అందమైన పనినా అనిపించింది.

"బావగారూ, పక్కింటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారండి?"

కత్తి ఆగింది.

"వాకిట్లో ఉన్నారమ్మా" అన్నారు. "ఇంకా గడప దాటలేదు."

"ఎన్నాళ్ళయింది?"

"బిళ్ళలు మానేసి ఇరవై రోజులు. వీళ్ళొచ్చి మూడ్రోజులు. ఇంకో పన్నెండొందలున్నాయి. కట్టేసి ఆ రాత్రే వేసుకుంటాను. నీ మీదొట్టు."

"పన్నెండొందలు అయ్యేదాకా వాళ్ళు వాకిట్లోనే కూర్చుంటామన్నారా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. రెండు చేతులూ చాపి నా ముందు పెట్టారు. ఎక్కడా కదలిక లేదు.

"నువ్వీ ఇంటికి వచ్చేసరికే ఇవి పోయాయమ్మా. నీకు తెలీదు. ఇన్నేళ్ళకి నా చేతులు నా దగ్గరికొచ్చాయి. మళ్ళీ పంపించెయ్యమంటావా?"

  నా భయం చెప్పేశాను.

"మావాడు మీరు నాటిన బిళ్ళ నోట్లో పెట్టుకున్నాడండి."

"మింగాడా?"

"లేదు. ఉమ్మించాను."

ఆయన కింద మట్టిలో కూలబడ్డారు.  తల కొంచెం పక్కకి వంచి ఎవరి మాటో వింటున్నట్టు కాసేపు ఉన్నారు.  ఆయన చేతిలో కత్తి ఉంది, నేను ఒక్కదాన్నే ఉన్నాను. చివరికి ఆయన ఆ కత్తిని తువ్వాలుతో తుడిచారు, మడిచారు, నా చేతిలో పెట్టారు.

"దాచమ్మా. వాళ్ళు లోపలికొచ్చేశాక అడిగితే ఇవ్వలేను. ఇప్పుడడిగావు కాబట్టి ఇచ్చేస్తున్నాను. బస్సుకి పద."

నేను కత్తి అడగనే లేదు.

ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ కట్టలేదు, ఎవరూ అబద్ధం చెప్పి తీసుకెళ్ళలేదు. చొక్కా మార్చుకుని, గొడుగు తీసుకుని, తనకి ప్రాణమైన చేతుల్ని వదులుకోవడానికి తనే ముందు నడిచి బస్సెక్కారు. మా వారు తల వంచుకుని మా వెనక ఎక్కారు. సగం దారిలో "తప్పు నాదేరా అన్నయ్యా" అన్నారు. "నీ మొహం. టిక్కెట్టు తియ్యి" అన్నారు బావగారు.

తర్వాత నా వైపు తిరిగి, "నీ చెయ్యి చూపించమ్మా" అన్నారు.

"జోస్యం చెప్తారా?"

"కాదు. వణుకుద్దేమోనని."

వణుకుతోంది. మధ్యాహ్నం నుంచీ ఆగలేదు. ఆయన పరీక్షగా చూసి, "ఇది భయం వణుకు. బిళ్ళ వణుకు కాదు. పోద్ది" అన్నారు.

డాక్టరుగారు కోప్పడ్డారు. "చేతులతో ఇంత ఇబ్బందిగా ఉందని ఒక్కమాట చెబితే మోతాదు సరిచూసేవాణ్ణి కదండీ. మీ అంతట మీరు ఆపేస్తే ఎలా?" అని, పాత మందే కొంచెం తగ్గించి మొదలుపెట్టారు. వారానికోసారి వచ్చి చూపించమన్నారు. వణుకు పూర్తిగా పోదని, కావాలంటే విరుగుడు బిళ్ళ మళ్ళీ ఇస్తానని అన్నారు.

"వద్దండి. కళ్ళు ఉంచండి చాలు. చేతులకి మనిషి దొరికింది" అన్నారు మా బావగారు, గడ్డంతో నన్ను చూపిస్తూ.

ఆయన బయటికి వెళ్ళాక నేను ఒక్క నిమిషం ఆగి, పిల్లలకి వస్తుందా అని అడిగాను. "ఇది అంటువ్యాధి కాదమ్మా. దగ్గర రక్తసంబంధంలో అవకాశం కొంచెం ఎక్కువ, నిజమే. అయినా ఎక్కువమందికి రాదు" అన్నారు. అబద్ధం చెప్పి పంపనందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. ఆ 'కొంచెం' నాతోనే ఉంది.

నేను బీయస్సీలో వృక్షశాస్త్రం చదివాను. అంటు కట్టడం మీద పరీక్షలో రెండు పేజీలు రాశాను. కత్తి మాత్రం ఎప్పుడూ పట్టలేదు. మిగిలిన పన్నెండొందలూ ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను కట్టాను.

"ఈ పచ్చ పొరని మీ పుస్తకాల్లో ఏమంటారమ్మా?"

"కాంబియమండి."

"పేరు బాగుంది. ఆ పొరా ఈ పొరా ఆనాలి, అంతే. ప్చ్. సందొచ్చింది, మళ్ళీ కొయ్యి."

నేను మొదటి రెండు రోజులు కట్టినవి చాలామటుకు ఎండిపోయాయి. వాటిని వరసగా పేర్చి చూపించి, "డిగ్రీ ఎండిపోయిందమ్మా" అన్నారు. మూడో వారానికి నా వరసలో ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి. ఆయన వంగి, వణుకుతున్న వేలితో ఒక చిగురుని తాకకుండా చూపించారు. నాకు పరీక్ష పాసైన రోజు కూడా అంత పొంగిపోయిన గుర్తు లేదు. ఆర్డరు నెల ఆలస్యంగా లారీ ఎక్కింది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా వరండాలోకి ముందు నేనే తీసుకెళ్ళి, "మా బావగారండి, నాకు పని నేర్పింది ఈయనే" అని చెప్పేదాన్ని. అంతకుముందు చుట్టాలొస్తే ఆయన పెరట్లోకి వెళ్ళిపోయేవారు. మేమూ వెళ్ళనిచ్చేవాళ్ళం. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. పోయేదాకా ఒక్క రోజు కూడా ఆయన మళ్ళీ బిళ్ళ మానలేదు. పక్కింటివాళ్ళు అప్పుడప్పుడు గోడ మీదుగా తొంగిచూసేవారట. అలాంటప్పుడు తనే చెప్పేవారు, తనే బస్సెక్కేవారు. రాత్రి మందు కొట్టేశానని కేకేశాక మా వాడు టార్చిలైటు పట్టుకుని, "నోరు తెరువు పెదనాన్నా, నాలిక ఎత్తు" అని తనిఖీ చేసేవాడు. ఆయన బుద్ధిగా ఎత్తేవారు. నా పిల్లలకి ఆ 'కొంచెం' ఎప్పుడైనా నిజమైతే, ఆ జబ్బుతో తలెత్తుకుని బతికిన మనిషిని వాళ్ళు చూసే ఉన్నారు. అర్ధరాత్రి భయమేస్తే నేను పట్టుకునేది ఆ సంగతినే.

ఆ వానరోజు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్న ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నారు. చాలా రోజుల తర్వాత వేసుకున్న మందు మత్తు. పిల్లలిద్దరూ పాలగ్లాసులతో వంటింటి గడప మీద కూర్చున్నారు. మా వాడు మెల్లగా అడిగాడు.

"అమ్మా, పెదనాన్నది అంటుజబ్బా?"

"ఎవరన్నారు?"

"బళ్ళో అన్నారు. అంటు కట్టేవాళ్ళకి అంటుజబ్బు వస్తుందంట. ఆయన్ని ముట్టుకుంటే మాకూ వస్తుందంట."

"అంటు కడితే మామిడికాయలు వస్తాయిరా, జబ్బు రాదు. పెదనాన్నని ముట్టుకో, వీపెక్కు, పక్కనే పడుకో. ఏమీ రాదు" అన్నాను. చిన్నది నాకేసి, అన్నకేసి చూస్తోంది. దానికీ అర్థం కావాలని ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాను.

"నాలుగు రోజులు పోతే పెదనాన్న కప్పు మళ్ళీ గలగలలాడుతుంది. భయపడకండి, నవ్వకండి. కాఫీ ఒలికితే తువ్వాలు తెచ్చివ్వండి. ఆ చప్పుడు వినబడుతున్నన్నాళ్ళూ పెదనాన్న మన ఇంట్లో, మనతోనే ఉన్నట్టు. ఎప్పుడైనా అది వినబడలేదా, ఆటలో ఉన్నా, అన్నం తింటున్నా సరే, వదిలేసి పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి."